బెత్తెడు

వెయ్కో చిత్రిక పడితే
పైన్ చెక్క ఉల్లిపొరలా చుట్టుకుంటూ లేచేది.
మా డిజైను ఆఫీసు కింది అంతస్తులో
ఉక్కు వాసన తగలని గదిలో
అతను యుద్ధ ట్యాంకులు చేసేవాడు.

అసలు దానికెంతో దీనికీ అంతే కొలత.
ఫిరంగి గొట్టం, చక్రాల వరస, మీటలు,
గుండ్లు పేర్చే అర, అన్నీ కర్రవే.
ఉక్కు పోతపొయ్యక ముందు
తప్పేదో చెక్కలోనే చేసి చూసుకోవడం మా పద్ధతి.

నేను పై అంతస్తులో గీసేదాన్ని.
నా సొరుగులో సెల్యులాయిడ్ మనిషి ఒకడుండేవాడు,
అరచేతంత,
మోకాళ్ల దగ్గరా మెడ దగ్గరా రాగి మేకులతో.
సగటు స్వీడిష్ సిపాయి అట.
ఎలా వంచితే అలా వంగేవాడు.
అతన్ని కాగితం మీద కూచోబెట్టి చుట్టూ కవచం గీయాలి.
ఎంత బిగుతుగా గీస్తే
సిక్స్‌టెన్ అంత మెచ్చుకునేవాడు.

సిక్స్‌టెన్‌కి ఆ ఏడు కొత్త ఊహ పుట్టింది:
పైన తిరిగే తల వద్దు.
తలెత్తిన వాడికే కదా దెబ్బ, అన్నాడు.
ఫిరంగిని ఒంట్లోనే పాతేద్దాం,
గురి చూడాలంటే బండి మొత్తం తిరుగుతుంది,
గడ్డిలో పొంచిన పిల్లిలా నేలని కరుచుకుని ఉంటుంది.
రాత్రుళ్లు లెక్కలు కట్టి
ఎత్తుని ఒక్కో సెంటీమీటరూ కోసుకుంటూ వచ్చాడు.
నిజం చెప్పాలి, ఆ గీతలు అందంగా ఉండేవి.
నా పెన్సిలు ఆగేది కాదు.

జనవరిలో నమూనా పూర్తయింది.
బయట సముద్రం గడ్డకట్టింది,
మధ్యాహ్నం రెండింటికే దీపాలు.
వెయ్కో తన పాత ఉన్ని కోటు, బూట్లు, చేతి తొడుగులు
అన్నీ వేసుకుని డ్రైవరు సీట్లోకి దిగాడు.
"తలుపు మూయండి," అన్నాడు. "దీపం ఆర్పండి."

కాసేపు ఏ చప్పుడూ లేదు.
తర్వాత మోచెయ్యి చెక్కకి తగిలింది.
బూటు. మళ్లీ మోచెయ్యి.
సిక్స్‌టెన్ చేతిలో స్టాప్‌వాచీ.
తల బయటికొచ్చింది, ఒక భుజం వచ్చింది,
రెండోది రాలేదు.

"కోటు విప్పితే పడతావు."
"మంటల్లో గుండీలు విప్పుకోను," అన్నాడు వెయ్కో.

అతనిది ఫిన్లాండ్.
పందొమ్మిదేళ్లప్పుడు మంచులో ఏం చూశాడో
ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.
ఒక్కసారి మాత్రం, కాఫీ దగ్గర:
"కాలిపోయినదాన్ని తెరిచాం.
ముగ్గురూ తలుపు దగ్గరే ఉన్నారు."

అంచు మీద నాలుగు వేళ్లు ఆనించి చూపించాడు.
బెత్తెడు.

మిల్లీమీటర్లు మావి, బెత్తెలు అతనివి.
సిక్స్‌టెన్ కోప్పడలేదు, లెక్క చెప్పాడు.
ఆ బెత్తెడుకి పైకప్పు ఎంత బలహీనపడుతుందో,
దానికి ఎంత మందం కలపాలో,
మందం మొయ్యడానికి ఎంత ఇంజను,
ఇంజనుకి ఎంత ఇంధనం, ఇంధనానికి ఎంత చోటు,
చోటు కావాలంటే ఎత్తు ఎంత పెరగాలో.
అంతా సరైనదే. నేనే సరిచూశాను.

వెయ్కో విన్నాడు, తలూపాడు,
రంపం తీసుకున్నాడు.

శుక్రవారం స్టాక్‌హోం నుంచి టోపీల వాళ్లు వచ్చారు.
ఒకాయన గొట్టాన్ని గుర్రాన్ని నిమిరినట్టు నిమిరి
చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.
పేడు గుచ్చుకుంది.
వెయ్కో ఆ మెత్తటి చేతిని తన ఒళ్లో పెట్టుకుని
కత్తిమొనతో పైకి తీశాడు.
ఆ బండి చిందించిన రక్తం
నాకు తెలిసినంతలో అంతే.

వాళ్లలో చిన్నవాడొకడు తలుపు దగ్గర ఆగాడు.
కోసిన అంచు ఇంకా పచ్చిగా బంక వాసన వేస్తోంది.
"ఇది డ్రాయింగులో ఇలాగే ఉందా?"
సిక్స్‌టెన్ నావైపు చూశాడు.
ఉందన్నాను.

గురువారం రాత్రి నేనొక్కదాన్నే ఉండిపోయాను.
రబ్బరుతో చెరిపిన చోట కాగితం కాస్త పలచబడింది,
వెలుతురుకి ఎత్తిపడితే తెలుస్తుంది.
వాళ్లెవరూ ఎత్తిపట్టలేదు.

ఆ ట్యాంకు ఉక్కులో పుట్టిందా లేదా
అన్నది చెప్పనని సంతకం పెట్టాను.
తలుపు సంగతి మాత్రం ఆ కాగితంలో లేదు.

సెల్యులాయిడ్ మనిషి ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాడు.
ఆ రాత్రే అతనికి అట్టముక్క కత్తిరించి
భుజాల మీద కోటులా అంటించాను.
ఇప్పుడు మునుపటంత సులువుగా వంగడు.